తలుపు తెరిచి ఉంచాలా, గడియ పెట్టాలా? ద్వేషం పెరుగుతున్న రోజుల్లో యూదు సమాజాల ముందున్న ప్రశ్న

2025 డిసెంబర్ 14న సిడ్నీలో, బోండై బీచ్ పక్కన యూదులు హనుక్కా పండుగ తొలి సాయంత్రం జరుపుకుంటున్నారు. దీపాలు వెలిగించే పండుగ కాబట్టి పిల్లాపాపలతో కుటుంబాలు వచ్చాయి. ఒక తండ్రీ కొడుకూ తుపాకులతో వచ్చి వాళ్ల మీద కాల్పులు మొదలుపెట్టారు. 15 మంది చనిపోయారు. వాళ్లలో పదేళ్ల పాప ఉంది. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ ఒక వృద్ధుడూ ఉన్నాడు. ఆ కాల్పుల మధ్య ఉత్త చేతులతో వెళ్లి ఒక హంతకుడి తుపాకీ లాక్కున్న అహ్మద్ అల్ అహ్మద్ సిరియా నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం, పండ్ల దుకాణం నడుపుకునే మనిషి.

దాడి చేసిన తండ్రి హైదరాబాద్‌లో చదువుకుని 1998లో ఆస్ట్రేలియా వెళ్లాడని తెలంగాణ పోలీసులు ప్రకటించారు. అతను ఆ దారి పట్టడానికి ఇక్కడి ప్రభావం ఏదీ ఉన్నట్టు కనిపించలేదని కూడా చెప్పారు. దాంతో మన దగ్గర మాటలు ఎక్కువగా ఆ హైదరాబాద్ లింకు చుట్టూనే తిరిగాయి. చనిపోయినవాళ్లు ఎవరు, వాళ్లనే ఎందుకు చంపారు, మిగిలినవాళ్లు మరుసటి వారం ప్రార్థనకు ఎలా వెళ్లారు అన్న ప్రశ్నలు వెనకబడ్డాయి. నా దృష్టిలో అసలు అర్థం చేసుకోవాల్సింది వాటినే.

చిన్న సమాజం, పెద్ద అపోహ

ప్రపంచం మొత్తం మీద యూదులు దాదాపు కోటీ 57 లక్షల మంది. తెలంగాణ జనాభాలో సగం కూడా లేరు. ఇజ్రాయెల్‌లో 70 లక్షలకు పైగా, అమెరికాలో 60 లక్షలకు పైగా ఉంటారు. ఫ్రాన్స్‌లో నాలుగున్నర లక్షల లోపు, బ్రిటన్‌లో సుమారు మూడు లక్షలు, ఆస్ట్రేలియాలో లక్ష పైచిలుకు.

యూదు వ్యతిరేకత అంటే యూదులను యూదులైనందుకే ద్వేషించడం, అనుమానించడం, వేరుగా చూడటం. ఇది మతద్వేషమా, జాతి వివక్షా అని అడిగితే, రెండూ. యూదులది ఒక మతమే కాదు, వాళ్లు ఒక జనం కూడా. దేవుణ్ణి నమ్మని యూదుడు కూడా తాను యూదుణ్ణనే చెప్పుకుంటాడు. అతన్ని ద్వేషించేవాడు కూడా ప్రార్థన చేస్తావా లేదా అని అడిగి ద్వేషించడు.

సాధారణంగా వివక్ష అంటే అవతలివాణ్ణి తక్కువగా చూడటం. కులాన్ని ఎరిగినవాళ్లం కాబట్టి మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. యూదు వ్యతిరేకతలో ఆ చిన్నచూపుతో పాటు దానికి పూర్తి విరుద్ధమైన ఆరోపణ ఒకటి ఉంటుంది. వీళ్లు గుట్టుగా ప్రపంచాన్ని నడుపుతున్నారు, బ్యాంకులూ పత్రికలూ ప్రభుత్వాలూ వీళ్ల గుప్పిట్లోనే ఉన్నాయి అని. 1348, 49లలో ప్లేగు వచ్చినప్పుడు బావుల్లో విషం కలిపారని నింద వేసి యూరప్‌లో ఊళ్లకు ఊళ్లు యూదులను చంపాయి. క్రీస్తు మరణానికి యూదులందరూ బాధ్యులన్న ఆరోపణను కాథలిక్ చర్చి అధికారికంగా తోసిపుచ్చింది 1965లో. 20వ శతాబ్దం మొదట్లో రష్యాలో, యూదు పెద్దలు ప్రపంచాన్ని లొంగదీసుకోవడానికి కుట్ర పన్నారంటూ ఒక దొంగ పత్రం అచ్చయింది. అది ఎక్కడెక్కడి నుంచో కాపీ కొట్టి అల్లినదని 1921లోనే లండన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. అయినా హిట్లర్ పార్టీ దాన్ని వాడుకుంది. తర్వాత 60 లక్షల మంది యూదులను చంపారు. ఆ పత్రంలోని మాటలే కొత్త వేషంలో ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తుంటాయి. ‘ప్రపంచ బ్యాంకులన్నీ నడిపేది ఫలానా ఒక్క కుటుంబమే’ అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. పంపినవాళ్లకు యూదుల మీద కోపమేమీ ఉండకపోవచ్చు. ఆ కథ ఎక్కడ పుట్టిందో తెలియకపోవడం వల్లే అది అంత తేలిగ్గా చేతులు మారుతోంది.

ఈ అపోహ మనుషుల చేత ఏం చేయిస్తుందో చూడటానికి 2022 జనవరి 15 నాటి సంఘటన ఒకటి చాలు. అమెరికాలోని టెక్సస్‌లో, కాలీవిల్ అనే చిన్న ఊరి సినగాగ్‌లో (యూదుల ప్రార్థన మందిరాన్ని అలా అంటారు) ఒక బ్రిటిష్ పౌరుడు నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. దగ్గర్లోని జైలులో ఉన్న ఒక పాకిస్తానీ ఖైదీని వదిలేయాలని అతని డిమాండ్. ఆ ఖైదీకీ ఆ సినగాగ్‌కూ ఏ సంబంధమూ లేదు. మరి అక్కడికే ఎందుకు వచ్చాడు? అమెరికాను నడిపేది యూదులే కాబట్టి, వాళ్ల పెద్ద ఒకరికి ఫోన్ చేయిస్తే పనైపోతుందని అతను నిజంగానే నమ్మాడు. న్యూయార్క్‌లోని ఒక ప్రముఖ రబ్బీకి, అంటే మత గురువుకు, ఫోన్ కూడా చేయించాడు.

ఆ రాత్రి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అధికారి ఒకరు, నిందితుడి డిమాండ్‌కు యూదు సమాజంతో ప్రత్యేకంగా సంబంధం లేదన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. డిమాండ్ వరకే చూస్తే ఆ మాట తప్పు కాదు. కానీ ఆ డిమాండ్ తీర్చుకోవడానికి అతను ఎంచుకున్న చోటును చూడండి. విమర్శలు వచ్చాక, యూదు సమాజాన్ని లక్ష్యంగా చేసుకున్న ఉగ్రవాద చర్యగానే దీన్ని చూస్తున్నామని ఎఫ్‌బీఐ చెప్పింది.

లెక్కలు ఎవరివి, ఎలా లెక్కపెడతారు

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు. 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత గాజా మీద ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో పదుల వేల మంది పాలస్తీనీయులు చనిపోయారని గాజా ఆరోగ్య శాఖ లెక్కలు. యూదుల మీద వేధింపులూ దాడులూ ఒక్కసారిగా పెరిగింది ఈ కాలంలోనే.

ఫ్రాన్స్‌లో ఇలాంటి ఘటనలు 2022లో 436 నమోదైతే, 2023లో 1,676 అయ్యాయి, 2024లో 1,570. బ్రిటన్‌లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ (సీఎస్‌టీ) అనే యూదు స్వచ్ఛంద సంస్థ ఏటా ఇచ్చే నివేదికల్లో 2022కి 1,662, 2023కి 4,103, 2024కి 3,528 ఉన్నాయి. అమెరికాలో యాంటీ డిఫమేషన్ లీగ్ (ఏడీఎల్) అనే యూదు సంస్థ లెక్కలో 2022లో 3,697గా ఉన్నవి 2023లో 8,873, 2024లో 9,354. అదే దేశంలో ఎఫ్‌బీఐ లెక్క మాత్రం 2023కి 1,832 యూదు వ్యతిరేక నేరాలే.

ఒకే దేశంలో, ఒకే ఏడాదికి ఒకరు తొమ్మిది వేల దగ్గర, మరొకరు రెండు వేల లోపు చెబుతున్నారంటే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టేనా? కాదు. ఇద్దరూ లెక్కపెడుతున్నవి వేరు వేరు విషయాలు. నాలుగు సందర్భాలు ఊహించుకుందాం. ఒకటి, సినగాగ్ గోడ మీద ఎవరో స్వస్తిక గీశారు. ఇక్కడ మన గుమ్మాల మీది స్వస్తిక్ కాదు, నాజీలు వాడిన గుర్తు అని అర్థం. రెండు, రబ్బీకి చంపుతామని మెయిల్ వచ్చింది. మూడు, వీధిలో పోతున్న యూదు విద్యార్థిని చూసి ఎవరో బూతు మాట విసిరి వెళ్లిపోయారు. నాలుగు, ఒక ఊరేగింపులో ఇజ్రాయెల్ అనే దేశమే ఉండకూడదని నినాదాలిచ్చారు. మొదటి రెండూ నేరాలు. బాధితులు పోలీసులకు చెప్పి, పోలీసులు నమోదు చేసి, పై వాళ్లకు పంపితే ఎఫ్‌బీఐ లెక్కలోకి వస్తాయి. మూడోది చాలాచోట్ల నేరం కిందకు రాదు, వేధింపుగా ఏడీఎల్ లెక్కలోకి వస్తుంది. అసలు గొడవంతా నాలుగోదాని దగ్గరే.

2023 అక్టోబర్ తర్వాత ఏడీఎల్ కొన్ని రకాల ఇజ్రాయెల్ వ్యతిరేక నినాదాలను కూడా లెక్కలో చేర్చింది. దీనివల్ల రాజకీయ నిరసన కూడా ద్వేషంగా లెక్కకు వస్తోందని విమర్శకులు అన్నారు. వాళ్లలో యూదులూ ఉన్నారు. ఆ మార్పు చేయకపోయినా 2023 అంకె ముందటేడాదికి రెట్టింపు అయ్యేదని ఏడీఎల్ జవాబు. సీఎస్‌టీ పద్ధతి ఇంకాస్త కట్టుదిట్టంగా ఉంటుంది. తన దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో యూదులని చేసిన పనే అనడానికి ఆధారం లేనివాటిని పక్కన పెట్టేస్తుంది. ఆ కట్టుదిట్టమైన లెక్కలోనే రెండింతలు దాటిన పెరుగుదల కనిపిస్తోంది. బ్రిటన్‌లో ఆ పెరుగుదల అక్టోబర్ 7నే, గాజా మీద యుద్ధం పూర్తిగా మొదలవకముందే కనిపించిందని కూడా సీఎస్‌టీ నమోదు చేసింది.

పద్ధతి మీద అనుమానాలున్నవాళ్లు ఎఫ్‌బీఐ అంకెనే తీసుకోవచ్చు. అమెరికా జనాభాలో యూదులు 2 శాతం. మతం కారణంగా జరిగిన ద్వేష నేరాల్లో మూడింట రెండు వంతులు వాళ్ల మీద జరిగినవే.

ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే యూదులను ద్వేషించినట్టా?

ఎక్కువమంది చిక్కుపడేది ఇక్కడే. చాలా ప్రభుత్వాలు వాడుతున్న నిర్వచనం అంతర్జాతీయ హోలోకాస్ట్ సంస్మరణ కూటమి (ఐహెచ్‌ఆర్‌ఏ) 2016లో ఆమోదించింది. హోలోకాస్ట్ అంటే నాజీలు చేసిన యూదుల మారణహోమం. దానికి 11 ఉదాహరణలు జోడించారు. వాటిలో ఎక్కువ భాగం ఇజ్రాయెల్‌కు సంబంధించినవి. వేరే ఏ దేశాన్నైనా విమర్శించే తీరులో ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే అది యూదు వ్యతిరేకత కాదని అందులోనే రాసి ఉంది. అయితే ఇజ్రాయెల్ ఉనికే జాత్యహంకార ప్రయత్నం అనడాన్ని ఒక ఉదాహరణగా చూపించారు. 2021లో కొంతమంది పండితులు దీనికి ప్రత్యామ్నాయంగా జెరూసలేం ప్రకటన తెచ్చారు. దాని ప్రకారం యూదు జాతీయవాదమైన జియోనిజాన్ని వ్యతిరేకించడం, ఇజ్రాయెల్‌ను బహిష్కరించమనడం వాటంతట అవే యూదు వ్యతిరేకత కావు.

ఐహెచ్‌ఆర్‌ఏ నిర్వచనాన్ని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. ‘యూదు’ అనాల్సిన చోట ‘జియోనిస్టు’ అని మార్చి పాత నిందలే వేస్తున్నారు, నిర్వచనం లేకపోతే అధికారులు దాన్ని గుర్తించలేరు అంటారు. కాలీవిల్‌లో ఎఫ్‌బీఐ తడబాటు వాళ్లకు మంచి ఉదాహరణ. వ్యతిరేకించేవాళ్ల వాదనకూ బలం ఉంది. ఈ నిర్వచనానికి మూలమైన ముసాయిదా రాయడంలో ముఖ్య పాత్ర వహించిన కెన్నెత్ స్టెర్నే, తాము దాన్ని లెక్కలు సేకరించడం కోసం రాశామనీ, యూనివర్సిటీల్లో ఎవరేం మాట్లాడాలో శాసించడానికి వాడటం తప్పనీ పదేపదే చెప్పారు.

సందర్భాలు తీసుకుని చూస్తే కొంత స్పష్టత వస్తుంది. గాజా యుద్ధాన్ని ఖండిస్తూ ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం ముందు ధర్నా చేస్తే అది రాజకీయ నిరసన. దీని మీద రెండు నిర్వచనాలకూ పేచీ లేదు. అదే కోపంతో వీధి చివర యూదుల రొట్టెల దుకాణం అద్దాలు పగలగొడితే యూదు వ్యతిరేకత. దీని మీదా పేచీ లేదు, ఎందుకంటే ఆ దుకాణదారు ఏ ప్రభుత్వానికీ ప్రతినిధి కాడు. కాలేజీ నాటక బృందంలో చేరడానికి వచ్చిన యూదు అమ్మాయిని మాత్రమే ‘ముందు ఇజ్రాయెల్‌ను ఖండించు’ అని అడిగితే? ఇది కూడా వివక్షే అని రెండు నిర్వచనాలూ చెబుతాయి. యూదులూ అరబ్బులూ సమాన హక్కులతో ఒకే దేశంగా ఉండాలని ఒకరు వ్యాసం రాస్తే? జెరూసలేం ప్రకటన ప్రకారం అది వాదించదగ్గ అభిప్రాయమే. ఐహెచ్‌ఆర్‌ఏ నిర్వచనాన్ని బట్టి చూసేవాళ్లు, యూదులకు మాత్రమే స్వయంనిర్ణయ హక్కు లేదంటున్నారా అని అడుగుతారు. యూదు కుటుంబాల్లోనే తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య వాదన జరిగేది ఈ చివరి సందర్భం గురించే. మొదటి మూడింటి గురించి కాదు.

గుమిగూడక తప్పని మతం

ప్రమాదం ఉంటే ఇంట్లోనే ప్రార్థన చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. యూదు మతంలో అది పూర్తిగా కుదరదు. కొన్ని ముఖ్యమైన ప్రార్థనలకు పదిమంది పెద్దలు ఒకచోట ఉండాలి. దాన్ని మిన్యన్ అంటారు. తండ్రి పోయినప్పుడు చేసే ప్రార్థనకు కూడా ఆ పదిమందీ కావాలి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, విశ్రాంతి రోజు. సంప్రదాయం పాటించేవాళ్లు ఆ రోజు కారు నడపరు, ఫోన్ ముట్టుకోరు. నడిచే వెళ్తారు. అంటే ప్రతి వారం ఒకే రోజు, ఒకే సమయానికి, ఒకే వీధిలో, చేతిలో ఫోన్ లేకుండా కుటుంబాలు నడుస్తుంటాయి. కీడు తలపెట్టేవాడికి ఇంతకన్నా ముందుగా తెలిసే సమాచారం ఉండదు.

అయితే అదే మతంలో ఇంకో సూత్రం ఉంది. ప్రాణం కాపాడాల్సి వస్తే షబ్బాత్ నియమాలు పక్కకు తప్పుకోవాల్సిందే. ఈ సూత్రం ఎంత పని చేసిందో పిట్స్‌బర్గ్‌లో కనిపించింది. ఆ ఊరి పేరు వినగానే మనవాళ్లకు పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అక్కడి నుంచి కారులో కొద్ది దూరం వెళ్తే స్క్విరల్ హిల్ అనే పాత యూదుల పేట వస్తుంది. అక్కడి ట్రీ ఆఫ్ లైఫ్ భవనంలో మూడు యూదు సంఘాలు ప్రార్థన చేసుకునేవి. 2018 అక్టోబర్ 27, శనివారం ఉదయం ఒకడు తుపాకులతో లోపలికి వచ్చి 11 మందిని చంపాడు. అమెరికా చరిత్రలో యూదుల మీద అంత ఘోరమైన దాడి మరొకటి లేదు. యూదులు శరణార్థులను తెచ్చి దేశాన్ని నాశనం చేస్తున్నారని వాడి నమ్మకం. శరణార్థులకు సాయం చేసే హయాస్ అనే యూదు సంస్థ మీద విషం కక్కి మరీ బయలుదేరాడు.

అక్కడి రబ్బీ జెఫ్రీ మైయర్స్ షబ్బాత్ రోజు ఫోన్ దగ్గర పెట్టుకునేవారు కాదు. స్థానిక యూదు ఫెడరేషన్ భద్రతాధికారి అంతకుముందు ఇచ్చిన శిక్షణలో పట్టుబట్టి చెప్పడంతో పెట్టుకోవడం మొదలుపెట్టారు. కాల్పులు మొదలైనప్పుడు దగ్గర్లో ఉన్నవాళ్లను బయటికి పంపి, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయగలిగింది అందువల్లే. జేబులో ఒక ఫోన్, అంతే. భద్రత అనగానే మనకు తోచేది తుపాకీ పట్టుకున్న కాపలాదారు. ఆ పని తెలిసినవాళ్లు మాత్రం ఎక్కువగా ఇలాంటి చిన్న విషయాల గురించే మాట్లాడతారు. కాలీవిల్‌లో బందీలు పది గంటలకు పైగా గడిపారు. ఆ సమయంలో మెల్లమెల్లగా జరుగుతూ బయటి తలుపుకు దగ్గరగా చేరారు. దుండగుడు ఆదమరిచిన క్షణంలో రబ్బీ చార్లీ సైట్రన్ వాకర్ అతని మీదికి కుర్చీ విసిరి, మిగిలిన ఇద్దరితో బయటికి పరిగెత్తారు. నాలుగో వ్యక్తిని అంతకుముందే వదిలిపెట్టాడు. అంతకుముందు తీసుకున్న భద్రతా శిక్షణే తమను కాపాడిందని రబ్బీ చెప్పారు.

కానీ ఆ ఉదయం తలుపు తీసింది కూడా ఆయనే. ప్రార్థనకు ముందు ఒక అపరిచితుడు వచ్చి తలుపు తట్టాడు. చలిలో వచ్చిన మనిషి, తలదాచుకోవడానికి చోటు అడుగుతున్నాడనుకుని లోపలికి పిలిచి టీ పెట్టి ఇచ్చారు. కాసేపటికి జెరూసలేం వైపు తిరిగి ప్రార్థన చేస్తుంటే వెనక నుంచి తుపాకీ క్లిక్‌మన్న చప్పుడు వినిపించింది. వచ్చినవాడికి ఆతిథ్యం ఇవ్వడం యూదు మతంలో పెద్ద ధర్మం. మన గుళ్లో అన్నదానం రోజున గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆధార్ చూపించమని అడగాలంటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో, అక్కడ వాళ్లకూ అంతే.

తలుపు గట్టిగా ఉంటే ఏమవుతుందో జర్మనీలోని హాలే నగరం చెబుతుంది. 2019 అక్టోబర్ 9, యోమ్ కిప్పూర్. ఉపవాసంతో పాప పరిహారం కోరే ఆ రోజు యూదులకు ఏడాదిలోకెల్లా పవిత్రమైనది. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. బయట పోలీసు కాపలా లేదు. సొంతంగా తయారు చేసుకున్న తుపాకులతో ఒకడు వచ్చి ఆ చెక్క తలుపును కాల్చాడు, పేలుడు పదార్థాలు విసిరాడు. తలుపు కదల్లేదు. లోపలివాళ్లు కెమెరాలో అతన్ని చూస్తూనే అడ్డంగా సామాన్లు పేర్చారు. లోపలికి వెళ్లలేక అతను వీధిలో పోతున్న ఒక మహిళను, దగ్గర్లోని టర్కిష్ కబాబ్ షాపులో ఒక యువకుణ్ణి చంపాడు. సినగాగ్ నుంచి బయటికి తీసుకొచ్చినవాళ్లు ఆసుపత్రిలోనే మిగిలిన ప్రార్థనలు పూర్తి చేశారు. గుండ్ల దెబ్బలు పడ్డ ఆ తలుపును తర్వాత ఆవరణలోనే స్మారకంగా నిలిపారు.

భద్రతా నిపుణుల లెక్కలో తలుపు పని దాడిని ఆపడం కాదు, పోలీసులు వచ్చేదాకా కొన్ని నిమిషాలు సంపాదించిపెట్టడం. కార్లు దూసుకురాకుండా గేటు ముందు స్తంభాలు, పగిలినా చెదరకుండా అద్దాలకు అంటించే ఫిల్మ్, పెద్ద పండుగలకు ముందే పేర్ల నమోదు, వచ్చేవాళ్ల ముఖాలు తెలిసిన వలంటీర్లు గుమ్మం దగ్గర వంతులవారీగా నిలబడటం, రక్తస్రావం ఆపే కట్టు కట్టడంలో శిక్షణ, ఇవన్నీ ఆ నిమిషాల కోసమే. 2025 అక్టోబర్ 2న, మళ్లీ యోమ్ కిప్పూర్ రోజే, మాంచెస్టర్‌లోని హీటన్ పార్క్ సినగాగ్ మీద కారుతో, కత్తితో దాడి జరిగింది. లోపలివాళ్లు తలుపులు మూసి, ఒంటితో అదిమి పట్టుకున్నారు. దుండగుడు లోపలికి రాలేకపోయాడు. ఇద్దరు చనిపోయారు. వాళ్లలో ఒకరికి తగిలింది దుండగుడి మీద పోలీసులు పేల్చిన తూటా.

కాపలా ఎవరు కాయాలి, ఖర్చు ఎవరు పెట్టాలి

బ్రిటన్‌లో సీఎస్‌టీ 1994 నుంచి నమోదైన ధర్మసంస్థ. సినగాగ్‌లు, యూదు పాఠశాలల దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది జీతం లేని వలంటీర్లు, శిక్షణ పొందిన మామూలు ఉద్యోగులు. పాఠశాలల గార్డుల జీతాలకు ప్రభుత్వం నిధులిస్తుంది. మసీదులకు వేరే పథకం ఉంది. ముస్లింల మీద జరిగే ద్వేష ఘటనలను నమోదు చేసే టెల్ మామా సంస్థ మొదలైనప్పుడు, ఆ పని ఎలా చేయాలో నేర్పినవాళ్లలో సీఎస్‌టీ వాళ్లున్నారు. ఫ్రాన్స్‌లో ఇలాంటి సంస్థ 1980లో పారిస్ కోపర్నిక్ వీధి సినగాగ్ ముందు బాంబు పేలాక ఏర్పడింది. అక్కడ 2015 నుంచి సినగాగ్‌ల ముందు సాయుధ సైనికులు నిలబడటం మామూలు దృశ్యమైపోయింది.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వం లాభాపేక్ష లేని సంస్థలకు భద్రతా గ్రాంటు ఇస్తుంది. 2024లో దానికి మామూలు బడ్జెట్ నుంచి కేటాయించింది 27 కోట్ల 45 లక్షల డాలర్లు. సినగాగ్‌లకే కాదు, ముప్పు ఉందని చూపించగలిగితే మసీదులు, గురుద్వారాలు, హిందూ గుళ్లు కూడా అడగవచ్చు. అక్కడి తెలుగువాళ్లలో గుడి కమిటీల్లో పనిచేసేవాళ్లకు ఈ దరఖాస్తు సంగతి తెలిసే ఉంటుంది. అందులో ఒక చిక్కుంది. ముందు సొంత డబ్బు ఖర్చు పెట్టాలి, తర్వాత ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. నూటయాభై కుటుంబాల చిన్న సంఘానికి కెమెరాలకూ తలుపులకూ ముందుగా డబ్బు సర్దడమే పెద్ద టెన్షన్. గార్డు జీతం పెరిగితే పిల్లల హీబ్రూ బడికి పెట్టే ఖర్చు తగ్గుతుంది.

గార్డుల విషయంలో యూదుల్లోనే ఏకాభిప్రాయం లేదు. సాయుధ కాపలా లేకుండా పిల్లల్ని పంపలేమని కొందరు తల్లిదండ్రులు అంటారు. నల్లజాతి యూదులు, ఆసియా మూలాలున్న యూదులు ఇంకో అనుభవం చెబుతారు. చిన్నప్పటి నుంచి వస్తున్న సినగాగ్ గుమ్మం దగ్గర తమను మాత్రమే ఆపి ఎవరని అడుగుతారని. గోడలు పెంచుకుంటూ పోవడం కన్నా ఇరుగుపొరుగు సమాజాలతో బంధాలు పెంచుకోవడమే అసలు రక్షణ అనేది ఒక వాదం. బంధాలు మంచివే కానీ తుపాకీ తూటాను ఆపలేవనేది ఎదురు వాదం. హాలే తలుపు రెండో వాదానికి సాక్ష్యం. బోండైలో అహ్మద్, 2015లో పారిస్‌లో కోషర్ (యూదు ఆహార నియమాల ప్రకారం సరుకులు అమ్మే) సూపర్‌మార్కెట్ దాడిలో కొనుగోలుదారులను కింది అంతస్తులో దాచిన మాలీ దేశపు ముస్లిం ఉద్యోగి లాసానా బాతిలీ మొదటిదానికి. ఏదో ఒకటి ఎంచుకోమంటే ఎంచుకునే స్థితి యూదులకు లేదు.

ఆ గురి ఇతరులకూ తగులుతుంది

2014 ఏప్రిల్ 13న కాన్సస్ రాష్ట్రంలోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఒక జాత్యహంకారి యూదు సామాజిక కేంద్రం, యూదు వృద్ధాశ్రమం దగ్గర కాల్పులు జరిపాడు. యూదులను చంపడానికే వెళ్లానని చెప్పుకున్నాడు. చనిపోయిన ముగ్గురిలో ఒక్కరూ యూదులు కారు. దాని పక్క ఊరే ఒలేథా. 2017 ఫిబ్రవరి 22న అక్కడి బార్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఇంకొకడు ఇరాన్ దేశస్థుడనుకుని కాల్చి చంపాడు. మన ఇళ్లలో ఆ పేరు ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

మన దేశంలో

కొచ్చిలోని పరదేశి సినగాగ్ 1568 నాటిది. కోల్‌కతాలో మిగిలిన కొద్దిమంది యూదుల సినగాగ్‌లను తరాలుగా చూసుకుంటున్నది ముస్లిం కుటుంబాలే. భారత సమాజం యూదులను వేధించలేదనే మాట చాలావరకు నిజం. ఇక్కడ వాళ్ల మీద జరిగిన పెద్ద దాడి 2008 నవంబర్‌లో ముంబై నారిమన్ హౌస్ మీద లష్కరే తోయిబా చేసింది. అక్కడ ఆరుగురిని చంపారు. రెండేళ్లు నిండని మోషే అనే బాబును అతని ఆయా సాండ్రా శామ్యూల్ ఎత్తుకుని బయటికి తెచ్చారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు యూదు సంఘం ఉంది. మాదిగ వాడ నుంచి వచ్చిన కుటుంబాలు. 1980ల నుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. షబ్బాత్ రోజు వాళ్ల చిన్న సినగాగ్‌లో తెలుగూ హీబ్రూ రెండూ వినిపిస్తాయి. వాళ్లను ఇజ్రాయెల్ అధికారికంగా యూదులుగా గుర్తించలేదు. యూదు జీవితం అంటే న్యూయార్క్, పారిస్ మాత్రమే కాదని చెప్పడానికి మనకు దగ్గర్లోనే ఉన్న ఉదాహరణ ఇది.

దాచుకునేవాళ్లు, ముందుకొచ్చేవాళ్లు

యూదుల ఇంటి ద్వారబంధానికి కుడివైపు చిన్న గొట్టం లాంటిది బిగించి ఉంటుంది. అందులో తోలు మీద చేత్తో రాసిన ప్రార్థన ఉంటుంది. దాన్ని మెజూజా అంటారు. 2023 అక్టోబర్ తర్వాత యూరప్‌లో కొన్ని ఇళ్లవాళ్లు దాన్ని బయటి గుమ్మం నుంచి తీసి లోపలి వైపు బిగించుకున్నారు. తల మీది చిన్న టోపీ కనబడకుండా పైన బేస్‌బాల్ క్యాప్ పెట్టుకోవడం అంతకుముందు నుంచే ఉంది. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 13 దేశాల్లో చేసిన సర్వేలో 76 శాతం మంది యూదులు అప్పుడప్పుడైనా తమ గుర్తింపు దాస్తామని చెప్పారు. 34 శాతం మంది భయంతో యూదు కార్యక్రమాలకు దూరంగా ఉంటున్నామన్నారు. ఈ సమాధానాలు సేకరించింది 2023 తొలి ఆరు నెలల్లో, అంటే అక్టోబర్ 7కు ముందు.

దీనికి భిన్నమైనది కూడా జరిగింది. ఉత్తర అమెరికా యూదు ఫెడరేషన్ల సంఘం 2024లో చేసిన సర్వేలో 43 శాతం మంది, అంతకుముందు కన్నా ఎక్కువగా యూదు జీవితంలో పాల్గొంటున్నామన్నారు. ఎప్పుడూ సినగాగ్ గడప తొక్కనివాళ్లు శుక్రవారం భోజనాలకు రావడం మొదలుపెట్టారు. ఇలా ముందుకు రావడాన్ని ధైర్యం అనీ, దాచుకోవడాన్ని పిరికితనం అనీ నేను అనలేను. బడికి వెళ్లే కొడుకు మెడలోని ఆరు కోణాల నక్షత్రాన్ని చొక్కా లోపలికి తోసే తల్లి కూడా తన సంప్రదాయాన్ని కాపాడుకుంటున్నట్టే.

పిట్స్‌బర్గ్ దాడి తర్వాత బాధితుల కోసం ముస్లిం సంస్థలు రెండు లక్షల డాలర్లకు పైగా పోగుచేశాయి. అయిదు నెలలకే న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపితే, ట్రీ ఆఫ్ లైఫ్ వాళ్లు ఆ కుటుంబాల కోసం చందాలు వసూలు చేసి పంపారు. పిట్స్‌బర్గ్ హంతకుడికి 2023లో మరణశిక్ష పడింది. బాధిత కుటుంబాల్లో కొందరు ఆ శిక్ష కోరారు, కొందరు వద్దన్నారు.

దాడి జరిగిన ఆ పిట్స్‌బర్గ్ భవనం విషయంలోనూ మూడు సంఘాలు ఒకే నిర్ణయానికి రాలేదు. ట్రీ ఆఫ్ లైఫ్ సంఘం అదే స్థలంలో మళ్లీ కట్టుకోవాలనుకుంది. ఆర్కిటెక్ట్ డానియెల్ లిబెస్కిండ్ డిజైన్‌తో ప్రార్థన మందిరం, స్మారకం, యూదు వ్యతిరేకత గురించి చెప్పే మ్యూజియం ఒకేచోట ఉండేలా 2024లో పని మొదలైంది. న్యూ లైట్, దోర్ హదాష్ సంఘాలు మాత్రం ఆ చోటికి తిరిగి వెళ్లకూడదనుకున్నాయి. పిట్స్‌బర్గ్‌లోనే ఉంటూ, వేరే సినగాగ్‌లలో చోటు తీసుకుని శనివారం ప్రార్థనలు చేసుకుంటున్నాయి.